గోడ మీది ప్రభువు, గోడ కింది కాటమ్మ

మిర్యాలగూడలో మా చర్చి ప్రహరీ గోడకు ఎదురుగా నా టైలరింగ్ షాపు. తల వంచుకుని మిషను తొక్కేదాన్నే అయినా ఆ గోడ దగ్గర ఏం జరిగినా నా కంట పడకుండా పోదు. మా ఆయన నన్ను సీసీ కెమెరా అంటాడు. అననీ. నేను చూసిందే చెబుతున్నాను, ఎవరో చెప్పగా విన్నది కాదు.

ఆ గోడ కింద కాటమ్మ ఉండేది. అరవై దాటిన మనిషి. ఎండకు కమిలిన ఒళ్లు, వీధి చివరి దాకా వినపడే గొంతు. సొంతూరు మేళ్లచెరువు పక్కన. పెళ్లి కాగానే మొగుడి వెంట ఇక్కడికి వచ్చింది. ఆయన రైసుమిల్లులో హమాలీ, ఈమె అదే మిల్లులో వడ్లు ఆరబోసే కూలి. మిల్లు వెనక రేకుల గదిలోనే కాపురం. పిల్లలు లేరు. వడ్లు ఆరబెట్టే మిషన్లు వచ్చాక ఆడకూలీల పని పోయింది. ఆ గదులు కూలగొట్టి గోదాం కట్టారు. మొగుడు జబ్బుపడి దవాఖానలోనే కన్ను మూశాడు. కొన్నాళ్లు ఒక కిరాయి గదిలో ఉంది కానీ, కిరాయి ఇంట్లోంచి శవం లేస్తే అరిష్టమని భయపడి ఆ ఇంటివాళ్లు ముందుగానే ఖాళీ చేయించారు.

అలాగని ఏడుస్తూ చెప్పే రకం కాదు. "సావక ముందే ఎల్లగొట్టిన్రు బిడ్డా, జర ఆగితే నేనే పోదును గదా" అని పకపకా నవ్వేది. పొద్దున టిఫిన్ బండి దగ్గర గిన్నెలు తోమేది. తర్వాత నా షాపు ముందు ఊడ్చి, నేను కుట్టిన జాకెట్లకు వంకలు పెట్టేది. పొద్దుగూకగానే గోడ కింద గోనెసంచి పరుచుకునేది. మా చర్చి మనిషి కాదు. అసలు ఏ గుడి మనిషీ కాదు. దేవుడనేవాడు ఏ వేషంలో కనిపించినా దండం మాత్రం పెట్టేది.

కిందటేడు క్రిస్మస్ ముందు మా చర్చి కమిటీ ఆ గోడ మీద బొమ్మ వేయించింది. కమిటీ పెద్ద ప్రభుదాస్ గారు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. మాట మెత్తన, చొక్కా ఇస్త్రీ నలగదు. సూర్యాపేట నుంచి ఉపేందర్ అనే పెయింటరును పిలిపించారు. ఎన్నికలప్పుడు గోడలకు పార్టీ గుర్తులు వేసే చెయ్యి అతనిది. అయినా ప్రభువును కళ్లార్పకుండా చూడాలనిపించేలా వేశాడు. నిలువెత్తు మనిషి, రెండు చేతులూ చాచి రమ్మంటున్నట్టు నిలుచున్నాడు. చుట్టూ గొర్రెలు. పాదాలు సరిగ్గా నేలకు ఆనాయి. ఇది ప్రభువు ప్రేమకు ఊరందరి ముందు సాక్ష్యమని ప్రభుదాస్ గారంటే నేనూ చప్పట్లు కొట్టాను. బొమ్మ ముందు నిలబడి ఫొటో కూడా దిగాను.

పని అయిపోయిన రోజు ఉపేందర్ మంచినీళ్ల కోసం నా షాపుకు వచ్చాడు.

"అక్కా, పాదాలు గంత కిందికి ఎందుకు వేయమన్నరో ఎరుకేనా?" అన్నాడు.

"ఎందుకు?"

"గోడలు పాడు చేయకుండ దేవుళ్ల టైల్స్ పెడతరు సూడు, గట్లనే. దేవుని పాదాలుంటే ఆ ముసలామె గాడ కాళ్లు సాపి పండుకోదంట. సారే చెప్పిండు."

అబద్ధమేమో అనుకున్నాను. కానీ అబద్ధమాడి అతనికి ఒరిగేదేముంది? గోడ మీద ఎవరూ ఒంటేలు పోయకుండా పటాలు పెట్టడం అందరం చూసిందే. మనిషి పడుకోకుండా దేవుణ్ణి కాపలా పెట్టడం మాత్రం నేనెక్కడా వినలేదు. అందులోనూ పశువుల పాకలో పుట్టిన దేవుణ్ణి!

ఆ సాయంత్రం మిషను ఆపేసి గోడ వైపు చూస్తూ కూర్చున్నాను. కాటమ్మ సంచి చంకన పెట్టుకుని వచ్చింది. బొమ్మను కింది నుంచి పైదాకా చూసింది. ఇంక ఎటో వెళ్లిపోతుందని నా ప్రాణం ఉసూరుమంది. కానీ ఆమె ఆ పాదాలకు మొక్కింది. సంచి అటుది ఇటు తిప్పి పరిచింది. తల ప్రభువు పాదాల దగ్గర పెట్టి, కాళ్లు రోడ్డు వైపు చాపి హాయిగా పడుకుంది. నేను గట్టిగా నవ్వేశాను. ప్రభుదాస్ గారి తెలివి తెల్లారినట్టే ఉంది అనుకున్నాను.

తెల్లారి ఊడవడానికి వచ్చినప్పుడు అడిగాను. "ఎట్లుంది కాటమ్మా కొత్త బొమ్మ?"

"మొగుడు పోయినంక గింత నిద్ర ఎన్నడు పోలే బిడ్డా. తాగినోళ్లు వచ్చి దుప్పటి గుంజుతుండె. కూసోనే తెల్లారబెడుతుంటి. రాత్రి ఒకడు వచ్చి, బొమ్మను సూసి దండం పెట్టి పోయిండు. దేవుని కాళ్ల కాడ ఉన్నదాన్ని ఎవడు ముడతడు? మీ చర్చోళ్లు నాకోసమే వేయించిన్రు. సల్లగుండాలె."

నిజం చెప్పబోయి, సూదిలో దారం ఎక్కించుకుంటూ ఊరుకున్నాను. ఆ రోజు నుంచి ప్రభుదాస్ గారు కనిపిస్తే చాలు, ఆమె రెండు చేతులూ ఎత్తి దండం పెట్టేది. ఆయన ముఖం మాడిపోయేది. వారం తిరగకుండా బస్టాండులో పడుకునే ఇద్దరు ఆడవాళ్లను కూడా కాటమ్మ వెంటబెట్టుకొచ్చింది. ముగ్గురూ ఆ పాదాల వరసలో తలలు పెట్టుకుని పడుకునేవారు.

కొత్త సంవత్సరం వచ్చాక ఒక ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంది. స్త్రీల సమాజం తరఫున నేనూ ఉన్నాను.

"బొమ్మ వేయించిన ఉద్దేశం నెరవేరలేదు. పైగా ఒకరు ముగ్గురయ్యారు. గోడకు సున్నం కొట్టించి, కింద మొనదేలిన రాళ్లు పాతిద్దాం" అన్నారు ప్రభుదాస్ గారు.

"ప్రభువు ముఖానికి సున్నం కొడతారా సార్?" అని అరిచాను.

"ఆవేశపడకండి సిస్టర్ విజయా. అది బొమ్మే కదా. మనం విగ్రహాలకు మొక్కేవాళ్లం కాదు కదా" అన్నారు, ఏమాత్రం గొంతు పెంచకుండా.

వేసేటప్పుడు సాక్ష్యం, తుడిపేటప్పుడు ఉత్త బొమ్మ! పాస్టరు గారి వైపు చూశాను. ఆయన వాచీ చూసుకున్నారు. చేతులు ఒక్కొక్కటే లేచాయి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే అది వేరేవాళ్ల సామెత అనుకునేదాన్ని. మాకు అచ్చంగా సరిపోయింది.

మర్నాడు సున్నం బకెట్టుతో ఉపేందరే వచ్చాడు. బ్రష్షు ముంచుతాడు, ఆగుతాడు. తన చేత్తో వేసిన ముఖం మీద చెయ్యి ఆడటం లేదు. గిన్నెలు తోమి వస్తున్న కాటమ్మ అది చూసి పరుగున వచ్చింది.

"ఏం జేస్తున్నవ్ కొడుకా?"

అతను తల దించుకున్నాడు. "నువ్వు గీడ పండుకోవద్దనే ఈ బొమ్మ వేయించిన్రు అవ్వా. అయినా పండుకుంటున్నవని ఇగ తీసేయమన్నరు."

కాటమ్మ నేల మీద కూలబడింది. తర్వాత లేచి బొమ్మ ముందు నిలబడి టపటపా లెంపలేసుకుంది. నేను రోడ్డు దాటి వెళ్లేసరికి ఆమె బొమ్మతోనే మాట్లాడుతోంది. "నన్ను ఎల్లగొట్టనీకి నిన్ను నిలబెట్టిన్రా అయ్యా? నావల్ల నీకు గింత తిప్పలొచ్చెనా?"

ఆమె సంచి చుట్టుకుంది. ఉపేందర్ వైపు తిరిగి, "నేను పోతున్న. ఆ ఇద్దర్ని గూడ తీస్కపోత. ఆయన్ని మాత్రం ముట్టకు" అంది.

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. "నా షాపు ముందు పండుకో కాటమ్మా. ఎవరొస్తరో సూస్త."

"వద్దు బిడ్డా. దేవుణ్ణే తీసేసేటోళ్లు నీ షాపు ఉంచుతరా?"

పట్టుకున్న చెయ్యి వదిలేశాను. షాపు గది కూడా ప్రభుదాస్ గారి బంధువులదే.

సున్నం కొట్టలేదు. రాళ్లూ పాతలేదు, పాతే పనే లేకపోయింది. ఆ తర్వాతి ఆదివారం ప్రభుదాస్ గారు ప్రార్థన చేస్తూ, సమస్యను ఏ గొడవా లేకుండా తీర్చినందుకు ప్రభువుకు స్తోత్రం చెప్పారు. అందరూ ఆమేన్ అన్నారు. నేను ఆరాధన మధ్యలోనే లేచి చెప్పులేసుకుని బస్టాండుకు నడిచాను.

కాటమ్మ అక్కడ ఒక స్తంభానికి ఆనుకుని, సంచిని గట్టిగా కావలించుకుని, పట్టపగలు కూర్చునే నిద్రపోతోంది. కళ్లు గుంటలు పడ్డాయి. రాత్రంతా మళ్లీ మేలుకునే ఉంటోందని అడగకుండానే తెలిసింది. భుజం తడితే ఉలిక్కిపడి సంచిని ఇంకా దగ్గరికి లాక్కుంది. నన్ను గుర్తుపట్టాక మొదట అడిగిన మాట, "బొమ్మ ఉంచిన్రా బిడ్డా?"

"ఉంచిన్రు."

"నాకోసం ఆయన్ని ఎల్లగొట్టలే గదా. గంతే సాలు" అంది. ఆ స్తంభానికే తల ఆనించి మళ్లీ కళ్లు మూసుకుంది.