దెబ్బ ఆపని కవచం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. డెబ్బై ఏళ్ళకి దగ్గరపడ్డా అది అక్కణ్ణుంచి దిగలేదు. అలాంటిదాన్ని తీసుకెళ్ళి ట్రంక్ టెలిఫోన్ ఆపరేటరుగా కూర్చోబెట్టారంటే, ఎంపిక చేసినవాళ్ళ ధైర్యానికి దండం పెట్టాలి. అవతలివాడు ఏ కూత కూసినా ఇవతల మేం "చెప్పండి సార్" అనాలి, అంతే. పరీక్ష రాసి రెండేళ్ళు ఎదురుచూస్తే వచ్చిన ఉద్యోగం. ఆర్డరు వచ్చిన రోజు మా నాన్న గుణదల కొండ మెట్లన్నీ చెప్పుల్లేకుండా ఎక్కి మరియమాత ముందు కొవ్వొత్తి వెలిగించి వచ్చాడు. నేనేమో ప్రొబేషన్ పూర్తికాకముందే రెండు మెమోలు తెచ్చుకున్నాను. రెండూ నోటి దురుసుకే. మూడోది వస్తే ఇంటికేనని సూపర్‌వైజర్ గారు మొహమాటం లేకుండా చెప్పేశారు.

అది డెబ్బై తొమ్మిది. మాకు స్ప్లిట్ డ్యూటీలు ఉండేవి. పొద్దున నాలుగు గంటలు, సాయంత్రం నాలుగు గంటలు, మధ్యలో ఖాళీ. బెజవాడలో ఉన్నవాళ్ళు ఆ ఖాళీలో ఇంటికెళ్ళి వచ్చేవాళ్ళు. నాది గుణదలే అయినా, వెళ్తే అమ్మ బట్టల మూట చేతికిస్తుందని వెళ్ళేదాన్ని కాదు. అలా ఆడవాళ్ళ విశ్రాంతి గదిలో మధ్యాహ్నమంతా ముగ్గురం మిగిలేవాళ్ళం. ఒకర్తె హనుమాన్ జంక్షన్ నుంచి బస్సులో వచ్చే సీనియర్ ఆపరేటర్. మేం అక్కయ్యగారనేవాళ్ళం. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో ఒక్క మెమో లేదు. సాయంత్రం పూట మానిటర్‌గా మా వెనక కూర్చుని, మేం కాల్స్ కలిపే బోర్డు చూసేది. కొద్ది వారాల్లో సూపర్‌వైజర్ల జాబితా వస్తుందనీ, అందులో ఆవిడ పేరు ఖాయమనీ అందరికీ తెలుసు. "పార్టీ ఎప్పుడండీ?" అని ఏడిపించేవాళ్ళం కూడా. రెండోది కొండపల్లి పిల్ల. నా ఈడుదే, బొమ్మలు చేసేవాళ్ళ ఇంటిది, ప్యాసింజర్ రైల్లో వచ్చేది.

ఆ ఆట తెచ్చింది ఈ పిల్లే. వాళ్ళ మేనమామ ఓడ మీద పనిచేసేవాడు. ఏ రేవులో కొన్నాడో ఏమో, లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి తెచ్చి దీని చేతిలో పెట్టాడు. ఒకరు కథ నడిపించాలి, మిగతావాళ్ళు ఆ కథలో మనుషులైపోవాలి. "వంతెన మీద దొంగలున్నారు, ఏం చేస్తావు?" అంటుంది కథ నడిపే మనిషి. "నరికేస్తా" అంటే సరిపోదు, దెబ్బ తగిలిందో లేదో పాచిక వేసి తేల్చాలి. తగిలితే ఎంత తగిలిందో ఇంకో పాచిక చెబుతుంది. మనకి ఇంత ప్రాణం అని ఒక అంకె ఉంటుంది. తగిలిన కొద్దీ అది తగ్గుతుంది. సున్నాకి వస్తే పోయినట్టే, ఆ మనిషి వివరాలు రాసుకున్న కాగితం చింపెయ్యాలి. రెండు నెలల్లో నేను మూడు కాగితాలు చింపాను. నా కత్తిమనిషి ఎవడు కనబడితే వాడి మీదకి దూకేది మరి.

పాచికలు మాత్రం పుస్తకంతో రాలేదు. ఈ పిల్ల వాళ్ళ నాన్నచేత తెల్లపొణికి చెక్కతో చెక్కించుకొచ్చింది. ఇరవై ముఖాలది కూడా చెక్కాడాయన, ఎంత ఓపికో! తేలిక చెక్క కాబట్టి సరిగ్గా దొర్లేది కాదు. టిఫిన్ డబ్బాలో వేసి గిలకొట్టి మంచం మీద బోర్లించేవాళ్ళం. మనుషుల స్థానంలో, రంగు తేడా వచ్చిందని ఆ పిల్ల వాళ్ళింట్లో పక్కన పడేసిన బొమ్మలు పెట్టేవాళ్ళం. నాది సిపాయి. అక్కయ్యగారిది రోకలి పట్టుకుని వడ్లు దంచే ఆడమనిషి. కథలో ఆవిడ మంత్రగత్తె. మంత్రాలూ మాయలూ ఆడుతున్నానని తెలిస్తే మా అమ్మ నన్ను ఆ ఆదివారమే ఫాదర్ దగ్గర తప్పులొప్పుకోమని పాపసంకీర్తనానికి తరిమేది.

అక్కయ్యగారి మంత్రగత్తె కొంచెం పైకొచ్చాక కొత్త మంత్రం ఎంచుకునే వంతు వచ్చింది. పిడుగులున్నాయి, నిప్పు బంతులున్నాయి. ఆవిడ పుస్తకమంతా తిరగేసి ఒక పేజీ దగ్గర వేలు పెట్టింది.

"ఇది చదివి చెప్పమ్మా."

కొండపల్లి పిల్ల చదివి తెలుగులో చెప్పింది. "మంటల కవచం లాంటిదండీ. వేసుకుంటే ఒంటిచుట్టూ సన్నగా మంట లేస్తుంది. మిమ్మల్ని కాల్చదు. దెబ్బని ఆపదు కూడా. చేత్తోగానీ, చేతిలో పట్టుకున్న ఆయుధంతోగానీ మిమ్మల్ని ఎవరన్నా కొడితే, మీకు ఎంత తగిలిందో దానికి రెట్టింపు వాళ్ళకి తగుల్తుంది."

"దెబ్బ ఆపని కవచమేంటే, నీ మొహం!" అన్నాను. "పిడుగు తీసుకోండి అక్కయ్యగారూ. ఎవడన్నా ఏరికోరి తన్నులు తింటాడా?"

"ఇదే బాగుందమ్మాయ్. చేసుకున్నవాడికి చేసుకున్నంత," అంది ఆవిడ.

మర్నాడు వంతెన మీద ముగ్గురు దొంగలు అడ్డం వచ్చారు. అక్కయ్యగారు కవచం వేసుకుని, రోకలి బొమ్మని నెమ్మదిగా వాళ్ళ మధ్యకి జరిపి, బోర్డు మీద మాట్లాడే గొంతుతోనే అంది: "నమస్కారమండీ. కాస్త దారిస్తారా?" నాకు నవ్వాగలేదు. మొదటి దొంగ కర్రతో కొట్టాడు, మూడు పడింది. అక్కయ్యగారి ప్రాణం పద్దెనిమిది నుంచి పదిహేనుకి దిగింది. దొంగకి రెట్టింపు ఆరు. వాడికున్నదే ఆరు, అక్కడే పడిపోయాడు. రెండోవాడికి నాలుగు పడేసరికి ఎగిరి గంతేసినంత పని చేసింది దొంగల తరఫున పాచిక వేస్తున్న కొండపల్లి పిల్ల, తర్వాత వాడికి ఎనిమిది లెక్కేసి నాలిక్కరుచుకుంది. వాడూ పడ్డాడు. మూడోవాడు కర్ర పారేసి పరుగు లంకించుకున్నాడు. ఇంతా చేసి అక్కయ్యగారు ఒక్క పాచిక వెయ్యలేదు, ఎవర్నీ ఒక్క దెబ్బ కొట్టలేదు.

ఆ రోజు నుంచి ఆ మంత్రమంటే నాకు మహా గౌరవం. ఎవరు రాశారోగానీ ఎంత న్యాయంగా రాశారు! కొట్టేవాడి శిక్ష కొట్టేవాడి పాచికే తేలుస్తుంది. మెల్లగా కొట్టినవాడికి మెల్లగా, అగ్గి మీద గుగ్గిలమై వచ్చినవాడికి ఆ మంటంతా తిరిగి వాడికే. అసలు కొట్టనివాణ్ణి అది ముట్టుకోనే ముట్టుకోదు. అలాగని తేలికైన మంత్రమూ కాదు. దూరం నుంచి బాణం వేస్తే పనిచెయ్యదు, బాణం తగుల్తుంది, వేసినవాడు హాయిగా ఉంటాడు. కొన్ని వంతులు గడిస్తే మంట దానంతటదే ఆరిపోతుంది. అందుకని అది వేసుకున్న మనిషి వెనక నక్కి కూర్చుంటే దండగ. వెంటనే వెళ్ళి శత్రువు చెయ్యి అందేంత దూరంలో నిలబడాలి. తనకెంత ప్రాణం ఉందో, ఎన్ని దెబ్బలు ఓర్చుకోగలదో ముందే లెక్క చూసుకోవాలి. అక్కయ్యగారు ఆ లెక్కలో ఎప్పుడూ తప్పలేదు. నేనైతే నాలుగు రోజుల్లో చచ్చి ఊరుకునేదాన్ని.

ఒక్కసారే ఆ లెక్క సున్నాకి వెళ్ళింది. కొండదారిలో రాక్షసుడు ఎదురయ్యాడు. వాడి బొమ్మ అంబారీ ఏనుగు. వాడికి ఇంకా ఇరవై ప్రాణం ఉంది. అక్కయ్యగారికి తొమ్మిది, నాకు మూడు. కవచం ఇంకా వెలుగుతోంది. రాక్షసుడు గద ఎత్తాడు. డబ్బా బోర్లిస్తే పన్నెండు పడింది.

"అయ్యో, మీరు పోయారండీ," అంది కొండపల్లి పిల్ల, నిజంగా ఎవరో పోయినట్టు.

"పోతే పోయాన్లే. వాడి ప్రాణంలోంచి ఇరవై నాలుగు తీసెయ్యి."

"మీరే పోయాక కవచం ఎక్కడుంటుందండీ?"

"దెబ్బ తగలడం ముందు, నేను పోవడం తర్వాత. తగిలినప్పుడు కవచం ఉందా లేదా? ఉందిగా. మరి తీసెయ్యి."

పుస్తకం అటూ ఇటూ తిరగేసినా ఆ సంగతి ఎక్కడా కనబడలేదు. చివరికి ఆ పిల్ల ఒప్పుకుని ఏనుగుని పక్కకి పడుకోబెట్టింది. అక్కయ్యగారు తన కాగితాన్ని తనే నాలుగు ముక్కలు చేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఒక్క అడుగు వెనక్కి వేస్తే బతికేవారుగా!"

"నేను వెనక్కి వేస్తే వాడు నీ మీదకొస్తాడు. నీకు మూడేగా ఉన్నాయి," అని టిఫిన్ డబ్బా కడగడానికి లేచింది.

తర్వాత రెండు వారాలకనుకుంటా, ఒక సాయంత్రం మద్రాసు లైన్లన్నీ నిండిపోయాయి. ఒక వ్యాపారస్థుల ఇంటి కుర్రాయన, పాతికేళ్ళుంటాయేమో, తను బుక్ చేసుకున్న మద్రాసు కాల్ ఏమైందని నాలుగోసారి ఫోన్ చేశాడు. లైను ఖాళీ లేదండీ అన్నాను. అంతే, మా అమ్మని కలిపి తిట్టాడు. ఆ మాట ఇక్కడ రాయను. నాకు కళ్ళు బైర్లు కమ్మాయి.

"నోర్ముయ్యరా వెధవా!"

అన్నాక గానీ ఏమన్నానో నాకు తెలియలేదు. మూడో మెమో! నాన్న మొహం కళ్ళముందు మెదిలింది. ఈలోగా వెనకనుంచి అక్కయ్యగారు వచ్చి నా హెడ్‌సెట్ తీసి తను పెట్టుకుంది.

"చెప్పండి సార్, నేను మానిటర్ని."

అవతలాయన ఆవిడ మీద విరుచుకుపడ్డాడు. అతని గొంతు, పక్కనున్న నాక్కూడా వినిపిస్తోంది. ఆవిడ కాగితం లాక్కుని పైన టైము వేసి రాయడం మొదలుపెట్టింది. "కాస్త నెమ్మదిగా సార్, రాసుకుంటున్నాను," అంది. అతను ఇంకా రెచ్చిపోయాడు. "అయిందాండీ? ఇంకేమైనా ఉందా సార్?" అంది. ఇంకా ఉంది! మొత్తం పదకొండు వరుసలు రాసింది, ముత్యాల్లాంటి అక్షరాలు. ఆవిడ చెవులు ఎర్రబడటం నేను చూశాను. గొంతు మాత్రం వణకలేదు.

మర్నాడు పదకొండింటికి ఆ మనిషి ఫిర్యాదు కాగితంతో వచ్చాడు. ఫోన్ వాళ్ళ నాన్న పేరు మీద ఉంది, ఫిర్యాదు మీద సంతకం ఆయనే పెట్టాలి కాబట్టి ఆయన్నీ వెంటబెట్టుకొచ్చాడు. పంచె, కండువా, చేతికర్ర, పెద్దమనిషి. సూపర్‌వైజర్ గారి గదిలోకి మమ్మల్నిద్దర్నీ పిలిచారు.

"మీ ఆపరేటర్ మావాణ్ణి వెధవా అందటండీ," అన్నాడు పెద్దాయన.

"అందండీ," అంది అక్కయ్యగారు. "ఆ తర్వాత మీ అబ్బాయి ఏమన్నదీ కూడా ఉంటే ఫిర్యాదు నిండుగా ఉంటుంది. తప్పేమన్నా రాశానేమో చూసి, కింద సంతకం చెయ్యండి." ఆ పదకొండు వరుసల కాగితం ఆయన చేతిలో పెట్టింది.

పెద్దాయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. పెదాలు కదుపుతూ చదువుతున్నాడు. మూడో వరుసలో పెదాలు ఆగిపోయాయి. చివరిదాకా చదివి కొడుకు వంక తిరిగాడు.

"ఈ మాటలు నువ్వన్నావురా? ఆడపిల్లల్తో?"

పెద్దాయన ఫిర్యాదు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, లేచి మా ఇద్దరికీ రెండు చేతులూ జోడించాడు. "తప్పు మాదమ్మా" అని కర్ర పొడుచుకుంటూ బయటికి నడిచాడు. కొడుకు వెనకాలే వెళ్ళాడు.

గండం గడిచిందనుకున్నాను. సూపర్‌వైజర్ గారు కలం మూత తీశారు. "ఆయన వదిలేసినా నేను వదలడానికి లేదమ్మా. అవతలివాళ్ళు ఏమన్నా మనం అనకూడదు. బోర్డు మీద పదిమంది విన్నారు. మెమో ఇవ్వక తప్పదు."

అది నాకు మూడోది.

"నాకివ్వండి సార్," అంది అక్కయ్యగారు. "ఆ పూట బోర్డు నాది. రెండు గంటల్నుంచీ ఈ పిల్ల తిట్లు పడుతోందని తెలిసీ సీటు మార్చలేదు. తప్పు నాది."

"జాబితా వచ్చే నెలే కదమ్మా. తెలిసే అంటున్నావా?"

"తెలుసండీ."

ఆయన ఆవిడ పేరు మీదే మెమో రాశారు. పద్దెనిమిదేళ్ళలో మొదటిది. బయటికొచ్చాక నేను ఏడుస్తూ ఏదో అనబోతే కసిరింది. "నోరు మంచిదైతే ఊరు మంచిదని ఎన్నిసార్లు చెప్పాను నీకు? మొహం కడుక్కురా, పో."

జాబితా వచ్చింది. ఆవిడ పేరు లేదు. మెమో ఉన్నవాళ్ళకి మానిటర్ పని ఇవ్వరాదని అదీ తీసేసి, మళ్ళీ మామూలు సీటులో, నా పక్కనే కూర్చోబెట్టారు. పార్టీ సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం బుకింగ్ లైను ఎత్తితే ఆ గొంతే. గుర్తుపట్టాను.

"చెప్పండి సార్," అన్నాను.

జవాబు నెమ్మదిగా వచ్చింది. "మద్రాసుకండీ. ఆలస్యమైనా పర్లేదండీ, లైను దొరికినప్పుడే కలపండి."

"అలాగేనండీ," అని కాల్ వివరాలు టికెట్ మీద రాయడం మొదలుపెట్టాను. పక్క సీట్లో అక్కయ్యగారు ఎవరితోనో అంటోంది, "అరవకండి సార్, గుడివాడ లైను కోసమే చూస్తున్నాను." నా కళ్ళలోంచి నీళ్ళు టికెట్ మీద పడి సిరా అలుక్కుపోయింది. ఆవిడ తల తిప్పకుండానే తన టికెట్ల కట్టలోంచి ఖాళీది ఒకటి చింపి నా వైపు జరిపింది.