పలకరింపు నేర్పిన యాకూబ్ మాస్టరు

యాకూబ్ మాస్టరు ఇక లేరన్న వార్త మొన్న శుక్రవారం పొద్దున, నేను దుకాణం తలుపు తీస్తుండగా, వారి పెద్దల్లుడు వచ్చి చెప్పాడు. తాళం చెవి నా చేతిలోనే ఉండిపోయింది. ముందు రోజు సాయంత్రం దాకా కత్తెర పట్టిన మనిషి. నమాజుకు లేచి, గుండె పట్టుకొని కూర్చొని, అలాగే ఒరిగిపోయారట. పన్నెండేళ్ళు ఆయన పక్కన నిలబడి దర్జీ పని నేర్చుకున్నవాణ్ణి. దుఃఖం ఉంది. కానీ ఈ నాలుగు మాటలు రాయడానికి కూర్చుంటే దుఃఖం కన్నా ఆగ్రహమే ముందుకొస్తోంది. దాన్ని దాచుకొని రాయడం నాకు చేతకాదు.

ఆదివారం బజారు పెద్దలు సంతాప సభ జరిపారు. ఒక్కొక్కరే లేచి ఆయన సంభాషణా చాతుర్యాన్ని, స్నేహశీలాన్ని వేనోళ్ళ కొనియాడారు. ఆ నోరు నాలుగేళ్ళుగా ఎందుకు మూతపడిందో ఒక్కరూ అనలేదు. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను అల్వాల్ నుంచి వచ్చి సికింద్రాబాదులో ఆయన దగ్గర చేరేనాటికి నాకు ఇరవై రెండేళ్ళు. సూది పని వచ్చు, నలుగురితో మాట్లాడడం రాదు. మొదటి వారంలోనే తిరుమలగిరి నుంచి వచ్చిన ఒక సైనికాధికారికి నోరు విప్పకుండా కొలతలు తీశాను. కోటు పొట్ట దగ్గర బిగిసింది. ఆయన చిందులు తొక్కి వెళ్ళాక మాస్టరు నన్ను పిలిచి కూర్చోబెట్టారు.

"నువ్వు మనిషిని కొలిచినవా, గోడను కొలిచినవా? కొత్త మనిషి టేపు చూడంగనే పొట్ట లోపలికి గుంజుకుంటడు. గప్పుడు తీసిన కొలత అబద్ధం. జెర మాట్లాడిస్తే వదులైతడు. గప్పుడు కొలువు."

"ఏం మాట్లాడాలె ఉస్తాద్? నాకేం తోచది."

"ఎదురుంగున్నోన్ని చూడు. చెప్పులకు దుమ్ముంటే నడిచొచ్చిండ్రా అని అడుగు. చేతిల సంచి ఉంటే మార్కెట్ల ఏం దొరికిందని అడుగు. జీతం అడగకు, జబ్బు అడగకు. అడిగినంక నోరు మూసుకో. జవాబు వినకుండ ఇంకోటడిగితే అది ముచ్చట గాదు, ఠాణా విచారణ."

ఆ తర్వాత నెల రోజులు, మధ్యాహ్న భోజనం కాగానే నన్ను రైల్వే స్టేషనుకు పంపి, ముగ్గురు అపరిచితులతో పనిలేని మాట మాట్లాడి రమ్మనేవారు. మొదటి రోజు ఒక ప్రయాణికుణ్ణి "సంచి బరువుందా?" అని అడిగాను. అతడు సంచిని రెండు చేతులా వాటేసుకొని ప్లాట్‌ఫారం ఆ చివరికి వెళ్ళిపోయాడు. విని మాస్టరు కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. "దుకాణంల సంచి వేరురా, స్టేషన్ల సంచి వేరు. ఆడ వాన సంగతి అడుగు. వాననెవడు ఎత్తుకపోడు."

పలకరింపు ఆయనకు వ్యాపార తంత్రం మాత్రమే కాదు. లాలాగూడలో రైల్వే గార్డుగా చేసి పింఛను పుచ్చుకున్న ఒక పెద్దమనిషి, భార్య పోయిన కొత్తలో, వదులైపోయిన కోటు బిగించమని వచ్చాడు. చిక్కిపోయారేమని మాస్టరు అడగలేదు.

"ఇయ్యాల ఇంట్ల కూరేంది సాబ్?" అన్నారు.

"పప్పు. నేనే వండిన."

"ఉప్పు పడ్డదా?"

"రెండుసార్లు పడ్డది."

గార్డు నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. అప్పటినుంచి ఏళ్ళ తరబడి, కుట్టించుకునే పని ఉన్నా లేకపోయినా, సాయంత్రాలు మా బల్ల మీదే గడిపాడు.

నేను చేరిన ఎనిమిదో ఏట పోలీసు యాక్షన్ వచ్చింది. సైన్యం వచ్చిన సంబరంలో బజారంతా మునిగి ఉండగా, మాస్టరు అంతదాకా నవాబు పేర కర్రలు పట్టి ఊరేగిన మూకలకు తోడున్నాడని ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశారు. ఆ మూకలు జెండా కుట్టి ఇమ్మంటే, నా చేత కాదని గుడ్డ తిప్పి పంపిన మనిషి ఆయన! ఒక మధ్యాహ్నం ఇద్దరు జవాన్లు వచ్చి, మెడలో టేపు ఉండగానే తీసుకుపోయారు. ఇతణ్ణి బాగా ఎరిగినవాళ్ళు ఇద్దరు వచ్చి చెబితే వదిలేస్తామన్నాడు ఠాణా అధికారి. పనివాణ్ణి కనుక నా మాట చెల్లదన్నాడు.

నేను నేరుగా గార్డు ఇంటికి పరుగెత్తాను. ఆయన తలుపు సగమే తీశాడు.

"బట్టలు కుట్టిచ్చుకున్న, అంతే. మనిషెసొంటోడో నాకెట్ల తెలుస్తది?"

"రోజూ వచ్చి కూసుంటుంటిరి గద సాబ్!"

"ముచ్చట పెడితే పరిచయమైతదా?" అని తలుపు వేసుకున్నాడు.

ప్లీడరు ఇంటికి వెళ్ళాను. బియ్యం వ్యాపారి ఇంటికి వెళ్ళాను. బడి పంతులు కాళ్ళు పట్టుకున్నాను. అందరిదీ ఒకటే జవాబు, టైము బాగలేదని. ఎవరికి బాగలేదు? లోపల ఉన్నవాడికా, అరుగు మీద కూర్చున్న వీళ్ళకా?

పదోనాడు, లాలాగూడ వర్క్‌షాపులో కమ్మరి పని చేసే మల్లయ్య తోటి కార్మికుణ్ణి వెంటబెట్టుకొని తనంతట తానే ఠాణాకు వచ్చాడు.

"నా బిడ్డ లగ్గానికి ఒక్క అంగీ కుట్టిచ్చిన సార్. ఆరేండ్లాయె. యాడ కలిసినా బిడ్డ మంచిగుందా అంటడు. దాని పేరు సుత యాదికున్నది. గసొంటోడు ఊరిని పాడుచేస్తడా?"

అధికారి కాగితం ముందుకు తోశాడు. ఇద్దరూ వేలిముద్రలు వేశారు. మాస్టరు బయటికొచ్చారు.

వారం తిరక్కుండా గార్డు ప్యాంటు గుడ్డతో వచ్చాడు. ఏమీ జరగనట్టే, "ఈసారి వానలు బాగనే పడ్డయి మాస్టరూ!" అన్నాడు. మాస్టరు నడుము కొలిచి నాకు అంకె చెప్పారు.

"మాట్లాడతలేవేంది?"

"పరిచయం లేనోళ్ళతోని ఏం మాట్లాడాలె సాబ్?"

ఆ తర్వాత బతికిన నాలుగేళ్ళూ కుట్టించుకునేవాళ్ళతో అంకెలు తప్ప ఆయన మరొక మాట అనలేదు. మాట్లాడే బాధ్యత నాకు అప్పగించారు. కడుపు మండుతుంటే పళ్ళికిలిస్తూ మాట్లాడాను. "వాళ్ళను తిట్టరేంది ఉస్తాద్?" అని ఒకసారి అడిగాను. "తిట్టాలంటే సుత మనోళ్ళై ఉండాలె బిడ్డా," అన్నారు. ఆయన క్షమించారేమో తెలియదు. నేను మాత్రం క్షమించలేదు.

మొన్నటి సభలో గార్డు ముందు వరుసలో కూర్చొని, ఆత్మీయ మిత్రుణ్ణి కోల్పోయానన్నాడు. నా వంతు వచ్చింది. లేచి ఒక్కటే అడిగాను. "ఇరవై ఏళ్ళు మాస్టరు మీ పిల్లల క్షేమం అడిగారే, ఆయనకెంతమంది పిల్లలో మీలో ఒక్కరు చెప్పండి." దిగి వచ్చేశాను.

కానీ నిజం దాచను. శుక్రవారం శ్మశానంలో ఆయన సమాధిని ఒక చిన్న సమాధి పక్కనే తవ్వారు. అదెవరిదని అల్లుణ్ణి అడిగాను. "మా బామ్మర్ది. తొమ్మిదేండ్లకే పోయిండు. మీకు తెల్వదా?" అన్నాడతను. తెలియదు. ఇద్దరు కూతుళ్ళనే ఎరుగుదును. పన్నెండేళ్ళు ఒకే బల్ల దగ్గర పనిచేసి, ఊళ్ళో అందరినీ పలకరించడం నేర్చుకొని, ఆ ఒక్క మనిషిని నేనూ అడగలేదు. నా కోపంలో నా వాటా నేను మినహాయించుకోలేను.

అటువంటి గురువు నాకు మళ్ళీ దొరకడు. సికింద్రాబాదుకూ దొరకడు. ఆయన పాదాలకు నమస్కరిస్తూ, ఆలస్యంగానైనా అడిగి తెలుసుకున్నది ఇక్కడ రాసి పెడుతున్నాను: ఆ పిల్లవాడి పేరు ఇస్మాయిల్.