అత్తగారూ, ఎర్రగీతా

పందులంటే ముక్కు మూసుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు, నేనేమీ అనుకోను. ఎందుకంటే ఈ కథ నిండా పంది ఎంగిలే. ఆ ఎంగిలిని చుక్కలుగా కొలిచి, అందులో ఏ వైరస్ నక్కి ఉందో పట్టుకోవడమే పనిగా పెట్టుకుని, ఆ జీతంతోనే కూతుర్ని చదివించుకుని, హాయిగా కంటినిండా నిద్రపోయే ఒకావిడ కథ ఇది.

ల్యాబులో అందరూ ఆవిణ్ణి అత్తగారంటారు. నిజానికి ఆవిడకి కోడలు లేదు, వచ్చే యోగమూ లేదు. ఉన్నది ఒక్కగానొక్క కూతురు. ఆ పేరు ఆవిడ నోటి పుణ్యమా అని వచ్చింది. ఎవరైనా గ్లవ్స్ మార్చకుండా ఫ్రిజ్ తలుపు ముట్టుకున్నారా, అయిపోయారే. "ఆ చేత్తోనే ఇంట్లో పసిపిల్లని ఎత్తుకుంటావా?" అని నలుగురిలో కడిగేస్తుంది. ల్యాబుకి పెద్ద అయిన డాక్టరు వయసులో ఆవిడకంటే చిన్నవాడు. ఒకసారి ఆయనకీ ఇలాగే చీవాట్లు పడితే, "తప్పయిపోయింది అత్తగారూ" అన్నాడు. అంతే, పేరు అతుక్కుపోయింది. ఇప్పుడు ఎవరైనా మేడమ్ అని పిలిస్తే ఎవర్నో అనుకుని ఆవిడ వెనక్కి తిరిగి చూస్తుంది.

ఆవిడ భర్తకి కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. "నేను ఊరందరికీ చూపు సరిచేసి సంపాదిస్తుంటే, నువ్వు కంటికి కనపడనివాటిని చూసి నాకంటే ఎక్కువ తెస్తున్నావు. ఎక్కడుంది న్యాయం?" అంటాడు. ఆవిడ నవ్వి ఊరుకుంటుంది. ఆ న్యాయం ఆవిడకి బాగానే ఉంది మరి.

వెనకటికి ల్యాబులో ఒక జబ్బుకి ఒక పరీక్ష ఉండేది. పందులు దగ్గుతున్నాయంటే దగ్గు వైరస్ వెతికేవాళ్ళు, దొరికితే అమ్మయ్య అనుకుని అంతటితో ఆపేసేవాళ్ళు. ఒక దొంగ చేతికి చిక్కాడని సంబరపడిపోయి, వాడి వెనకాలే గోడ దిగుతున్న ఇద్దర్ని వదిలేసినట్టన్నమాట. ఫారంలో పందులు వందలకొద్దీ ఒకే కప్పు కింద ఉంటాయి. ఒక వైరస్ ఒంట్లో సత్తువ లాగేస్తే, రెండోది తీరుబడిగా వచ్చి కూర్చుంటుంది. రైతేమో దగ్గుకి వైద్యం చేయిస్తూనే ఉంటాడు, పందిపిల్లలేమో చస్తూనే ఉంటాయి.

ఇప్పుడు అలా కాదు. చిటికెనవేలిలో సగం లేని గొట్టంలో నాలుగు వైరస్‌లకీ ఒకేసారి పరీక్ష. ఒక్కోదానికి ఒక్కో రంగు. గొట్టంలో వైరస్ ఉంటే దాని రంగు గీత స్క్రీన్ మీద పైకి లేస్తుంది, ఎక్కువుంటే తొందరగా, తక్కువుంటే ఆలస్యంగా. దగ్గుకి నీలం, విరేచనాలకి ఆకుపచ్చ, చిక్కి శల్యమయ్యే జబ్బుకి పసుపు. నాలుగోది ఎరుపు. అది పెద్దజ్వరం. దానికి మందు లేదు. ఎర్రగీత నిజమని తేలిందా, ఫారంలో ఉన్న పందులన్నిటినీ చంపి పూడ్చెయ్యాల్సిందే. జబ్బున్నవీ, లేనివీ, కడుపుతో ఉన్నవీ, అన్నీ. అందుకే అత్తగారు మిషన్ బటన్ నొక్కిన ప్రతిసారీ ఎరుపుతో మాత్రం, "నువ్వు పడుకో తల్లీ, నీతో ఎవరికీ పని లేదు" అంటుంది.

ఇంత చేసీ ఆవిడ పందిని దగ్గర్నుంచి చూసింది లేదు. ఫారానికి వెళ్ళడం వేరేవాళ్ళ పని. ఆవిడకి పందంటే మూత మీద నంబరున్న గొట్టం, అంతే.

అలాంటి గొట్టాల పెట్టె ఒకటి ఒక పొద్దున ల్యాబు కిటికీ దగ్గరికి వచ్చింది. తెచ్చినామె ఊరి చివర ఫారం నడుపుతోంది. భర్త లారీ మీద నెలలో సగం రోజులు రోడ్లమీదే ఉంటాడు. ఇంటి దగ్గర ఈమే, మామగారే. రెండు ఆడపందులతో మొదలుపెట్టి, షెడ్డు వెనక షెడ్డు వేసుకుంటూ వచ్చిన మనిషి. ఇప్పుడు పందిపిల్లలు దగ్గుతున్నాయి, పాలు తాగడం లేదు.

"ఏ జబ్బో తొందరగా తేల్చండక్కా. చూస్తూ చూస్తూ చేతుల్లోనే పోతున్నాయి" అంది.

ఆమె తెచ్చింది తాళ్ళు పిండిన ఎంగిలి. ఈ పద్ధతి వచ్చాక ప్రతి పందినీ పట్టి, అది చెవులు చిల్లులు పడేలా అరుస్తుంటే రక్తం తియ్యక్కర్లేదు. దొడ్డిలో మూతికి అందేలా ఒక నూలుతాడు వేలాడదీస్తే చాలు. కొత్త వస్తువు కనిపిస్తే నమిలి చూడందే పందికి తోచదు. అవి నమిలాక తాడుని సంచిలో వేసి పిండితే, ఆ దొడ్డిలో ఉన్నవాటన్నిటి ఎంగిలీ చేతికొస్తుంది.

మధ్యాహ్నానికి స్క్రీన్ మీద గీతలు లేచాయి. అన్ని దొడ్లలోనూ నీలం. దానితోపాటే ఆకుపచ్చ. "చూశావా, ఇద్దరు దొంగలు" అనుకుంటూ అత్తగారు టీ కోసం లేవబోయింది. అప్పుడు ఒక్క దొడ్డి గొట్టంలో, పరీక్ష ముగిసే వేళకి, సన్నగా, బద్ధకంగా ఎర్రగీత లేచింది.

ఆవిడ టీ మాట మరిచి మళ్ళీ కూర్చుంది.

ముందు తన చేతినే అనుమానించింది. ఉత్త నీళ్ళు పోసి పక్కన పెట్టిన గొట్టం చూసింది. అందులో ఏ గీతా లేదు, అంటే గదిలోంచి, చేతిలోంచి ఏమీ కలవలేదు. కొత్త గ్లవ్స్ వేసుకుని ఆ ఒక్కదాన్నీ మళ్ళీ మొదట్నుంచి చేసింది. మళ్ళీ అదే గీత, అంతే ఆలస్యంగా. గీత ఎంత సన్నమైతేనేం, చూసి చూడనట్టు వదిలేసే మనిషి కాదు ఆవిడ. వెళ్ళి డాక్టరుకి చెప్పింది.

డాక్టరు అప్పుడే ఫారానికి ఫోన్ చేశాడు. గేటు మూసెయ్యాలనీ, ఒక్క పందీ బయటికి పోకూడదనీ, రేపు రక్తం తీస్తామనీ చెప్పాడు. అవతలినుంచి ఫారం ఆమె అడిగింది.

"అన్నిటినీ చంపేస్తారాండీ?"

"ఇంకా తేలలేదమ్మా."

"తేలితే?"

డాక్టరు రేపు ఎన్నింటికి వస్తారో చెప్పడం మొదలుపెట్టాడు. "కడుపుతో ఉన్నవి ఉన్నాయండీ" అందామె. ఆ మాట పక్కనే నిలబడ్డ అత్తగారికీ వినిపించింది.

ఆ సాయంత్రం ఇంట్లో ఆవిడ కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది. భర్త కంగారుపడ్డాడు. విషయం తెలుసుకుని, ఓదారుద్దామని, "నీ చెయ్యే ఎక్కడో తప్పిందేమో" అన్నాడు. మామూలు రోజున ఆ మాటంటే ఇల్లు పీకి పందిరేసేది. ఆ రోజు మాత్రం, "అలా అయినా బాగుండునండీ. ఇన్నేళ్ళలో మొదటిసారి, నాదే తప్పయితే బాగుండును అనిపిస్తోంది" అంది.

మర్నాడు తీసిన రక్తంలో ఎర్రగీత లేవలేదు. ఆవిడ సంబరపడబోయింది గానీ డాక్టరు తల అడ్డంగా ఊపాడు. జబ్బు అప్పుడే మొదలై ఉండొచ్చు, ఇంకా రక్తంలోకి దిగి ఉండకపోవచ్చు. "ఈసారి తాడు మనమే కడదాం. మీరూ రండి అత్తగారూ. మీ చేతి మీద నాకు నమ్మకం."

అలా ఆవిడ మొదటిసారి ఫారంలో అడుగుపెట్టింది. గేటు దగ్గరే స్నానం చేయించి, ఒంటికి పెద్దదైన డ్రెస్సూ, మోకాళ్ళదాకా బూట్లూ తొడిగారు. ఇంత శుభ్రం ల్యాబులో ఉంటే తను ఒక్కర్నీ తిట్టక్కర్లేదు కదా అనుకుంది. ఎర్రగీత లేచిన దొడ్డి ముందు నిలబడితే, గులాబీరంగు చెవులు వాల్చుకుని ఒక ఆడపంది ఆవిణ్ణి కాసేపు ఎగాదిగా చూసి, ఆసక్తి లేనట్టు పక్కకి తిరిగింది. పంది కనురెప్పలకి వెంట్రుకలుంటాయని ఆవిడకి ఇన్నాళ్ళూ తెలీదు.

తాడు కట్టారు. పందులు వచ్చి వాసన చూశాయి. ఇంతేనా అన్నట్టు వెళ్ళిపోయాయి. ఎంతసేపు చూసినా ఒక్కటీ నోరు పెట్టలేదు.

ఫారం ఆమె మామగారు గడప దగ్గర నిలబడి ఇదంతా చూస్తున్నాడు. పెద్దాయన ఇక ఉండబట్టలేకపోయాడు.

"ఈ దొడ్డిలోవి పెంకివమ్మా. ఉత్త తాడు ముట్టవు. మొన్నా ఇంతే చేశాయి."

"మరి మొన్నెలా నమిలాయండీ?" అంది అత్తగారు.

"ఇంట్లో సాసేజీలు ఉడకబెట్టిన నీళ్ళు మిగిలితేనూ, తాడు అందులో ముంచి కట్టా. అప్పుడు చూడాలి, ఒకదాని మీదొకటి పడి లాక్కున్నాయి."

సాసేజీ పందిమాంసమే. సంతలో కొన్నది. ఏ ఫారంలో ఏ జబ్బుతో పోయిన పందో ఎవరికి తెలుసు? ఉడికితే వైరస్ చస్తుంది గానీ దాని ఆనవాలు మిగిలిపోతుంది. మిషన్‌కి చచ్చిందీ బతికున్నదీ తేడా తెలీదు.

"మావయ్యా" అంది ఫారం ఆమె.

అత్తగారికి ఎంత కోపమొచ్చిందో అంత నవ్వూ వచ్చింది. "పెద్దాయనా, పరీక్ష రాసేది పందులండీ. మీరు పక్కన నిలబడి చీటీలు అందించకూడదు" అంది. ఆయన నవ్వలేదు. తన చేత్తో తానే కొంప ముంచబోయానని అప్పటికి ఆయనకి అర్థమైంది.

వాళ్ళింటి ఫ్రిజ్‌లో మిగిలిన సాసేజీల్ని ల్యాబుకి తెచ్చి పరీక్ష చేస్తే, ఎర్రగీత మొదట్లోనే నిటారుగా లేచింది. ఆ సంతలో మాంసం సంగతి చూడమని డాక్టరు పైవాళ్ళకి చెప్పాడు. అయినా ఫారం గేటు తియ్యలేదు. ఆ సాసేజీలు సరిగ్గా ఉడక్కపోయి ఉంటే? ఒక్క బతికిన వైరస్ తాడుతో పాటు లోపలికి పోయి ఉంటే? పెద్దాయన కుతకుతా ఉడికాయని ఒట్టేశాడు గానీ, ఒట్టు మీద గేటు తియ్యరు కదా. మళ్ళీ మళ్ళీ రక్తం తియ్యాలి, ఎదురుచూడాలి.

అలా మూడు వారాలు గడిచాయి. పెద్దాయన మంచం తెచ్చి ఆ దొడ్డి ముందే వేసుకున్నాడట. ఏ పంది మేత వదిలేసినా ఆయనా ముద్ద ముట్టడం లేదట. ఆ కబుర్లన్నీ రక్తం తీసుకొచ్చేవాళ్ళు చెబుతుంటే, అత్తగారు విననట్టు తల వంచుకుని చుక్కలు పోసుకునేది. ఒక్క చుక్కా చెదరలేదు. ఎర్రగీత ఒక్కసారీ లేవలేదు.

ఆఖరి పరీక్ష కూడా అయ్యాక డాక్టరు ఫారానికి ఫోన్ కలిపి, ఆవిడ చేతికిచ్చాడు. "మీరే చెప్పండి."

ఫలితం చెప్పడం ఆవిడకి అలవాటు లేని పని. గొంతు సవరించుకుంది. "అమ్మా, ల్యాబు నుంచి. మీ పందులకి పెద్దజ్వరం లేదు. గేటు తీసుకోవచ్చు. కానీ రెండు జబ్బులున్నాయి. దగ్గుదొకటి, విరేచనాలదొకటి. టీకా, శుభ్రం, ఏం చెయ్యాలో డాక్టరు గారు చెబుతారు."

"రెండేనా అక్కా?"

"రెండే."

అవతల ఫోన్ ఎక్కడో పెట్టేసిన చప్పుడు. పరుగెత్తుతున్న బూట్లు. ఆ తర్వాత, షెడ్డు దద్దరిల్లేలా, ఏడుస్తూ నవ్వుతూ ఆమె గొంతు.

"మావయ్యా, లే. మన పందులకి రెండు జబ్బులేనంట. రెండే."