ఏడో మెట్టు దగ్గర తీసిన గీత

మొన్న తిరుపతిలో గుండె పరీక్షకు పడుకున్నప్పుడు, ఛాతీ మీద చల్లటి జిగురు తగలగానే రాజమ్మ వేళ్లు గుర్తొచ్చాయి. ఎనభైల మొదట్లో ఆమె చిత్తూరులో ఒక డాక్టరు దగ్గర ఈసీజీ తీసేది. పాకాలలో మా పక్కిల్లే. నేనప్పుడు డిగ్రీ చదువుతున్నాను. ఎదుటివాళ్ల నోరు మూయించడమే వాదన అనుకునేదాన్ని.

మా పెరటి బావి నుంచి వంటింటికి తొమ్మిది మెట్లు. ఏడో మెట్టు మీద ఎవరో రొమ్ము మీద చేయి పెట్టి నొక్కుతున్నట్టు ఉంటుందనేది అమ్మ. దవడ బిగుసుకునేది, చెమటలు కారేవి. కాసేపు కూర్చుంటే ఆ చేయి వదిలేది. నాయన మొదటి భార్య ఆ మెట్టు మీదే నీళ్లబిందెతో కూలిపోయిందట. సవతి పట్టిందన్నారు అందరూ. డాక్టరేమో అమ్మను పడుకోబెట్టి ఈసీజీ తీయించి, గుండె బాగుంది, ఆడవాళ్ల దిగులే అన్నాడు. దాంతో నాయన శుక్రవారం భూతవైద్యుడి దగ్గరికి బండి మాట్లాడాడు. అక్కడ దయ్యం దిగేదాకా మనిషిని పరుగెత్తిస్తారు.

గురువారం మధ్యాహ్నం రాజమ్మ ఈసీజీ యంత్రం మోసుకుని మా ఇంటికి వచ్చింది.

"పండుకుంటే నొప్పి యాడొస్తాది? మెట్లెక్కు అక్కా. రవ్వంత నొచ్చినా ఆడనే ఆగిపో."

"నొప్పి తెప్పించి సంపుతావా?" అని ఎగిరాను.

"రేపు పరుగెత్తిస్తారే, ఆ మాట ఆడ అడుగు పాపా. ఈడ మాత్ర నా చేతిలో ఉండాది."

నాయనను బయటికి పంపి, మెట్ల పక్క అరుగు మీద అమ్మను పడుకోబెట్టి కాగితం మీద ముందొక గీత తీసింది. తీగలు విప్పి, వాటి చోట్లకు గుర్తుగా అమ్మ రొమ్ము మీద ఆరు కుంకుమ చుక్కలు పెట్టింది. అమ్మ సగం బిందెతో మెట్లెక్కింది. ఏడో మెట్టు మీద, "వచ్చిందే" అంది గుసగుసగా. రాజమ్మ బిందె లాక్కుని, అమ్మను మళ్లీ అరుగు మీద పడుకోబెట్టి చుక్కల మీద తీగలు అంటించింది. ఇందాక అలకీ అలకీ మధ్య తిన్నగా నడిచిన గీత, పైనుంచి ఎవరో నొక్కినట్టు కిందికి దిగింది. నాలుక కింద మాత్ర కరిగేకొద్దీ మెల్లగా పైకి లేచింది.

"గుండెకు రక్తం సాలడంలే అన్నా. బండి ఆస్పత్రికి తిప్పు" అంది రాజమ్మ, లోపలికొచ్చిన నాయనతో. కాగితం చుడుతూ, "మొదటామె కూడా నొస్తాదనేదా?" అని అడిగింది.

నాయన ఆ మెట్టు వైపు తిరిగాడు. "అనేది. పని ఎగ్గొట్టేదానికి అనుకుంటి."

అమ్మ మాత్రలతో చాలా ఏళ్లు బతికింది. ఆ మెట్టంటే నాకు మాత్రం భయం పోలేదు, పెరిగింది. ఏ ఇంట్లోనైనా ఆడమనిషికి గాలి సోకిందంటే, ఏ పని చేస్తుంటే సోకిందని ఇప్పటికీ అడుగుతాను. జవాబు వచ్చేదాకా ఆ గడప దిగను.