కాగితం సైజు అడిగిన మనిషి

జార్జి టౌన్‌లో పెళ్ళిపత్రికల సందులో, ఒక ప్రెస్సు పై గదిలో, అన్నయ్యా నేనూ ఇరవై ఏళ్ళకు పైగా పనిచేశాం. డిజైను నాది. ప్రూఫు చూడడం, ప్లేటు చేయించడం, కింద మెషీను పక్కన నిలబడి రంగులు ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయో లేదో లెన్సు పెట్టి చూడడం అన్నయ్యది. ప్రూఫు దగ్గర ఆయనకొక పద్ధతి ఉండేది. పెళ్ళివారి తరఫున వచ్చిన పెద్దమనిషి చేత చెప్పులు విడిపించి, పేర్లన్నీ వేలు పెట్టి పైకి చదివించేవాడు. వచ్చింది ఎంతటి షావుకారైనా సరే, మినహాయింపు లేదు. "గెట్టిగా చదవండి సామీ. ఒకతూరి ప్లేటెక్కినాక దేవుడొచ్చినా మార్చలేడు" అనేవాడు. చదివి సంతకం పెట్టాకే పత్రిక కిందికి దిగేది. నాకా తతంగం చూస్తే ఒళ్ళు మండేది. పది నిమిషాల పనికి గంట పట్టేది.

తర్వాత పత్రికలు తగ్గిపోయాయి. దేవుడి ముందు పెట్టడానికీ, దగ్గరి బంధువులకు ఇవ్వడానికీ కొన్ని అచ్చువేయించుకుని, మిగతావాళ్ళకు ఫోన్లో బొమ్మ పంపడం మొదలుపెట్టారు జనం. ప్రెస్సు ఓనరు మెషీను అమ్మేశాడు. దాన్ని విప్పి ముక్కలుగా దించి బండికెక్కిస్తుంటే అన్నయ్య వీధి చివరిదాకా వెనకాలే నడిచి వెళ్ళాడు. నేను వెళ్ళలేదు. అప్పటికే సాయంత్రం క్లాసులో, నా వయసులో సగం లేని పిల్లల పక్కన కూర్చుని వెబ్ డిజైన్ నేర్చుకుంటున్నాను.

టి. నగర్‌లో ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం దొరికింది. నాకేదో తెలివి ఎక్కువని కాదు. అచ్చుపని మీద అన్నయ్యకున్నంత ప్రేమ నాకు లేదు. లేదు కాబట్టే దాన్ని వదిలించుకోగలిగాను. ఆయన మాత్రం మాధవరంలో ఇంట్లో కూర్చుని, వచ్చిన ప్రతి కరపత్రాన్నీ వెలుతురుకు ఎత్తిపట్టి చూసుకుంటూ ఉండేవాడు. ఏభై దాటిన మనిషి. వేరే పని తెలియదు. వదిన నాతో ఒకరోజు, "మీయన్న నోరు తెరిచి మాట్లాడి చాన్నాళ్ళాయె అబ్బయా. నీకాడ ఏదన్నా పని ఇప్పీబ్బా" అంది. ఎలాగైనా ఆయన్ను కూడా ఈ ఒడ్డుకు చేర్చాలని ఆ రోజే అనుకున్నాను.

మా టీమ్ లీడరును బతిమాలి, అన్నయ్య పని కొన్నాళ్ళు చూడమన్నాను. అన్నయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఒక స్వీటు షాపు వెబ్‌సైటుకు మొదటి పేజీ చేయమన్నారు. ఆయన అడిగిన మొదటి మాట, "పేపరు సైజెంత?"

అందరూ నవ్వారు. సైజు ఉండదన్నా, చూసేవాడి ఫోన్ ఎంత ఉంటే అంత అని చెప్పాను. తలూపాడు గానీ ఆయన బుర్రకెక్కలేదు. చేసిన పేజీ అద్భుతంగా ఉంది. అక్షరానికీ అక్షరానికీ మధ్య ఎంత ఖాళీ ఉండాలో అంతే ఉంది. నాలుగు వైపులా కటింగుకు అంచు కూడా వదిలాడు. ఈ లోకంలో దాన్ని కోసే కత్తి లేదని నేను చెప్పలేకపోయాను. నా ఫోన్లో తెరిస్తే వాక్యాలు ఒకచోట విరిగాయి, ఆయన ఫోన్లో ఇంకోచోట విరిగాయి. ఆయన లేచి ప్రతి టేబుల్ దగ్గరికీ వెళ్ళి, "ఒక్క నిమిషం మీ ఫోన్ ఇస్తారా సార్" అని అడిగి చూడడం మొదలుపెట్టాడు. పిల్లలు మొదట మర్యాదగా ఇచ్చారు. తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాకు సిగ్గేసింది. ఆయన మీద కోపం కూడా వచ్చింది.

"సార్, అన్ని ఫోన్లలో ఒకేలా రాదు. రానక్కర్లేదు కూడా" అంది టీమ్ లీడరు తమిళంలో, మెల్లిగానే.

"సరి మేడమ్. అప్పుడు వీటిలో అసలుది ఏది?" అన్నాడు అన్నయ్య.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం భోజనానికి పోయొస్తానని చెప్పి వెళ్ళినవాడు మళ్ళీ ఆఫీసుకు రాలేదు. రమ్మని నేనూ ఒత్తిడి చేయలేదు. కొన్ని నెలలకు, "టి. నగర్‌లోనే ఒక చీరల షాపులో చేరినాన్రా, బాగుండాది" అన్నాడు. బిల్లింగ్ కౌంటరో, స్టాకు గదో అనుకున్నాను. ఏం పని అని అడగలేదు.

మా రంగంలో మనుషులు నిలవరు. అన్నయ్యను చూసిన పిల్లలందరూ వేరే కంపెనీలకు వెళ్ళిపోయారు. నేను మిగిలాను, నా కింద నలుగురు చేరారు. పోయినేడు ఒక పెద్ద చీరల షాపువాళ్ళు వెబ్‌సైటు కొత్తగా చేయమన్నారు. ఫోటోల కోసం మేం కెమెరాతో సహా వెళ్ళాం. అద్దాల తలుపు తెరుచుకుంది. ఎర్ర కోటు, తలపాగా, చేతులు జోడించి, "వాంగ సార్, వాంగ మేడమ్" అని తమిళంలో స్వాగతం.

అన్నయ్య.

నన్ను చూశాడు. చేతులు దించలేదు. వరసలో వచ్చిన అందరికీ పెట్టినట్టే నాకూ దణ్ణం పెట్టాడు. ఆయన చేత దణ్ణం పెట్టించుకుని లోపలికి నడిచాను. మా అన్న అని చెప్పడానికి నోరు రాలేదు.

పని ముగించి మేం బయటికొస్తుంటే తలుపు దగ్గర షాపు మేనేజరు అన్నాడు, ఈయన నవ్వు బాగుంటుంది, మొదటి పేజీలో పైన ఈయన్నే పెట్టండి అని. కెమెరా అబ్బాయి రకరకాలుగా నిలబెట్టి తీశాడు. అన్నయ్య చెప్పినట్టల్లా తిరిగాడు, చెప్పినప్పుడల్లా నవ్వాడు. మావాళ్ళు మెట్లు దిగాక నా పక్కకొచ్చి, "పొద్దున ఏమన్నా తిన్న్యావట్రా? మొగం పీక్కపోయుండాది" అన్నాడు.

ఆ పేజీ నేనే చేశాను. ఇంకొకరికి ఇవ్వబుద్ధి కాలేదు. కంప్యూటరులో ఫోటో అడ్డంగా నిండుగా వస్తుంది. ఫోన్ ఇరుకు కాబట్టి ఫోటోలో ఏ భాగం మిగలాలో మనమే చెప్పాలి. మా బంధువులు, ఆ సందులో అన్నయ్యకు భయపడి చెప్పులు విడిచిన షావుకార్లు, అందరూ చూసేది ఫోన్లోనే. ఆ ఎర్ర కోటులో ఆయన్ను ఎవరూ గుర్తుపట్టకూడదనుకున్నాను. ఫోన్లో వచ్చే ఫోటోను మెడ కింది నుంచి కోసి, జోడించిన చేతులు మాత్రం ఉంచాను. షాపువాళ్ళకు తెగ నచ్చింది. చేతులొక్కటే ఉంటే హుందాగా ఉందన్నారు.

సైటు తెరిచిన రోజు అన్నయ్య ఫోన్ చేశాడు. వెనక ఇంటినిండా మనుషుల మాటలు. వదిన పుట్టింటివాళ్ళు వచ్చినట్టున్నారు.

"ఏమ్రా, షాపులో కంప్యూటర్లో చూస్తే బెమ్మాండంగా ఉండాది. అందరికీ చూపిస్తామని ఈడ ఫోన్లో తెరిస్తే చేతులొక్కటే ఉండాయి. నా మొగం ఏడ పోయెరా?"

"ఫోన్ చిన్నది కదన్నా. అంతే పడుతుంది" అన్నాను.

"అవునవును. ఆ ఫోన్ల సంగతి నాకు దెలీదా" అన్నాడు అన్నయ్య. ఫోన్ పెట్టేయకుండానే అటు తిరిగి, అది నేనే, ఆ చేతులు నావే అని వాళ్ళకు చెబుతున్నాడు.