మూడు ఫోటోల మధ్య మా బావ

మొన్న దసరాకు సిరిసిల్లలో మా అక్క ఇంటికి వెళ్ళినప్పుడు, గడపలో నిలబడ్డ అక్కను మా మనవరాలు సెల్‌ఫోన్‌తో ఫోటో తీసింది. వెనక వాకిట్లో మిట్టమధ్యాహ్నపు ఎండ, ముందు గదిలో చీకటి, మధ్యలో మనిషి. బతుకంతా స్టూడియో నడిపినవాణ్ణి కనుక నోరు ఊరుకోక, అట్లా తీస్తే ముఖం నల్లగా పడుతుందమ్మా, పక్కకు జరగమను అన్నాను. ఆ పిల్ల నవ్వి ఫోను నా చేతిలో పెట్టింది. చూస్తే అక్క ముఖం మీది ముడతలూ కనిపిస్తున్నాయి, వెనక దండెం మీద ఆరేసిన చీర అంచూ కనిపిస్తోంది. ఫోను తనంతట తానే రెప్పపాటులో నాలుగైదు ఫోటోలు తీసి, వెలుగుదీ నీడదీ ఏరుకుని ఒక్కటిగా కలిపేస్తుందట, మనం చేసేదేమీ లేదట. సరిగ్గా ఈ ఒక్క పని కోసం, ఇదే ఇంటి వెనక, ఉద్యమం రోజుల్లో నేను పడిన పాట్లు ఆ పిల్లకు ఎట్లా చెప్పను, చెప్పినా ఏం అర్థమవుతుంది అనుకుని ఫోను తిరిగి ఇచ్చేశాను.

మన ఈడువాళ్ళకు చెప్పనక్కరలేదు. ఫోటో అనేది చీకటి గదిలోనే పుట్టే రోజుల్లో నేను కోరుట్లలో స్టూడియో పెట్టాను. ఎన్‌లార్జర్ కింద కాగితం మీద వెలుగు పడుతుంటే, ముఖం నల్లబడేటట్టుంటే అక్కడ చెయ్యి అడ్డం పెట్టడం, ఆకాశం తెల్లగా వెలిసిపోయేటట్టుంటే అక్కడ ఇంకాస్త వెలుగు పోయడం, అంతా చేతి అంచనాతో జరిగేది. తరవాత డిజిటల్ వచ్చింది, చీకటి గదిలోకి కంప్యూటరు వచ్చింది, నేర్చిన విద్యంతా అటకెక్కింది. పెళ్ళి ఆల్బముల మిక్సింగు అని పేరు పెట్టి, పెళ్ళికూతురిని గులాబీ పువ్వులో కూర్చోబెట్టి, పెళ్ళికొడుకును మంచు కొండ మీద నిలబెట్టే పనిలో పడ్డాను. అంతలో తెలంగాణ ఉద్యమం ఊపందుకుంది. బంద్ అంటే మాకు షట్టరు సగం దించి లోపల కూర్చోవడమే, ఆ కూర్చున్న పూటల్లోనే నాకు ఎండనూ నీడనూ ఒకే ఫోటోలో పట్టే హెచ్‌డీఆర్ పిచ్చి పట్టింది.

ఆ పిచ్చి అంటించినవాడు జగిత్యాలలో మా ప్రింట్లు వేసే కలర్ ల్యాబు యజమాని, నా దోస్తు. కెమెరాను స్టాండుకు బిగించి ఒకే దృశ్యాన్ని వెంటవెంటనే మూడుసార్లు తీయాలి. ఒకటి ఎండ పడే చోటుకు సరిపోయేటట్టు, ఒకటి చీకటి మూలకు సరిపోయేటట్టు, ఒకటి మధ్యస్తంగా. మూడింట్లోనూ బాగున్నవి ఏరి కంప్యూటరు ఒక్క ఫోటో చేస్తుంది. షరతు ఒక్కటే, ఎదురుగా ఉన్నదేదీ కదలకూడదు. ఇద్దరం కలిసి జగిత్యాల ఖిల్లా దగ్గరికి వెళ్ళి, కమాను లోపలి చీకట్లో నిలబడి బయటి ఎండను తీశాము. సాయంత్రం ల్యాబులో తెర మీద ఆ మూడూ ఒక్కటైనప్పుడు, లోపలి రాతి మీది గీతలూ బయటి మబ్బు తునకలూ ఒకేసారి కనిపిస్తే, నా చిన్ననాటి చీకటి గదిలో మొదటి ఫోటో నీళ్ళలోంచి పైకి తేలినప్పటి సంతోషమే మళ్ళీ కలిగింది.

ఆ తరవాత నా చేతికి చిక్కినవి రిలే నిరాహార దీక్షల టెంట్లు. ఈ విద్యకు అంతకంటే అనువైన చోటు ఇంకొకటి లేదు. లోపల నీడ, బయట ఎండ, కూర్చున్నవాళ్ళు పొద్దుగూకే దాకా కదలరు. ఎంతో శ్రద్ధగా ఒక పెద్దమనిషిని తీసి, కంప్యూటరులో ఇంకాస్త మెరుగు పెట్టి తీసుకెళ్ళి ఇస్తే, ఆయన అటూ ఇటూ తిప్పి చూసుకుని దిగులు పడ్డాడు. "గిదేందన్నా, ఉపాసమున్నోని లెక్క లేను, పెండ్లికొడుకు లెక్క మెరుస్తున్న. గీ ఫోటో పేపర్ల అచ్చిందంటె, టెంటెనక ఏమో తింటున్నడు అంటరు" అన్నాడు. నిజమే, ఆకలి మీద ఉన్న మనిషి బుగ్గలకు నేను నిగనిగలు పూశాను. మళ్ళీ కూర్చుని ఆ మెరుపంతా దించి, ఆయన ఆకలిని ఆయనకు అప్పగించాను.

అట్లాంటి రోజుల్లో సిరిసిల్ల నుంచి అక్క ఫోన్ చేసింది. మా బావకు ఇంటి వెనక షెడ్డులో నాలుగు సాంచాలుండేవి. మరమగ్గాలను సిరిసిల్లలో సాంచాలనే అంటారు. పెళ్ళయిన నాటి నుంచీ ఆయన బతుకు వాటి మధ్యనే గడిచింది, దూది నూగు రొమ్ములో చేరి దగ్గు పట్టింది. షెడ్డులోకి మళ్ళీ అడుగుపెడితే మనిషి దక్కడని కరీంనగర్ డాక్టరు కచ్చితంగా చెప్పడంతో, సాంచాలను వేరే ఊరి ఆసామికి అప్పగించడానికి బావ ఒప్పుకున్నాడు. కానీ తెలంగాణ కోసం సమ్మె నడుస్తోంది, లారీలు ఆగిపోయాయి. రోడ్లు తెరుచుకున్న రోజున సాంచాలు పోతాయి, అందాకా నడుపుకుంటానని డాక్టరు మాట కూడా పెడచెవిన పెట్టి షెడ్డులోనే ఉంటున్నాడట. "తమ్మీ, గవి పోకముందు మీ బావది ఒక్క ఫోటో తియ్యి. సాంచాల నడుమ నిలవడాలె, ఎనక కిటికి కనవడాలె" అంది అక్క. ఆ కిటికీ ఎందుకో నాకు తెలుసు. నాలుగు సాంచాలు ఆడుతుంటే ఎంత అరిచినా లోపలికి వినిపించదు కనుక, అక్క వాకిట్లోంచి వచ్చి ఆ కిటికీలో చాయ్ గ్లాసు పెట్టి పోయేది, బావ చూసుకున్నప్పుడు వచ్చి తాగేవాడు. "నా సంసారమంత గా కిటికిలకెళ్లే సూశిన" అందామె. ఎండ పడే కిటికీ, చీకటి షెడ్డు, మధ్యన మనిషి. ఇది నాకోసం పుట్టిన ఫోటో అనుకున్నాను.

బస్సులు లేవు. స్టాండును బండికి కట్టుకుని బయలుదేరితే రుద్రంగి దగ్గర దారి ఆపి, నిరసనగా రోడ్డు మీదే వంటావార్పు జరుగుతోంది. తిననిదే పోనివ్వమన్నారు, తిన్నాక ఫోటో తీయనిదే పోనివ్వమన్నారు. రోడ్డు మధ్యన పొయ్యిల మీద గంజి పొంగుతుంటే, పొగకు కళ్ళు తుడుచుకుంటూ ఆడవాళ్ళు నవ్వుతుంటే తీసి, ఆ నవ్వుల్లో కాసేపు నేనూ కూర్చుని, సిరిసిల్ల చేరేసరికి పొద్దు తిరిగింది.

నేను వెళ్ళేసరికి కరెంటు లేదు. బొగ్గు గనులు కూడా సమ్మెలో ఉండడంతో కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియని కాలం అది. షెడ్డంతా నిశ్శబ్దంగా ఉంది, సాంచాలు నిలిచి ఉన్నాయి, బావ బనియను మీద తువ్వాలు వేసుకుని ఒక మూల కూర్చున్నాడు. కిటికీ వెలుగు కిందికి దిగి నేల మీద పడుతోంది. కదిలేది ఏదీ లేదు. ఇంతకంటే మంచి గడియ దొరకదనిపించి, గబగబా స్టాండు నిలబెట్టి, బావా వచ్చి నిలబడు అన్నాను. ఆయన లేవలేదు. "ఆగిన సాంచె పక్కన నిలవడి ఫోటో దిగుడేంది బామ్మర్ది? సచ్చిన మనిషి పక్కన దిగినట్టు" అన్నాడు. అక్క బతిమాలింది, నేను బతిమాలాను. ఉహూఁ. శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, చుట్టూ ఇంటివాళ్ళను నిలబెట్టి ఫోటోలు తీసిన చేతులు నావి. కెమెరాకు మూత పెట్టి, కరెంటు కోసం నేనూ ఆయన పక్కన కూర్చున్నాను.

చాలాసేపటికి కరెంటు వచ్చింది. బావ ఎగిరి లేచాడు, దగ్గు కూడా ఎటు పోయిందో. ఒకటొకటిగా నాలుగూ కదిలాయి, షెడ్డు దద్దరిల్లింది, నా స్టాండు కాళ్ళు వణకసాగాయి. తడిపిన గోనెసంచి మడిచి వాటి కింద పెట్టాను. ఫ్లాషు వేసి చూస్తే గాలిలో ఎగిరే నూగంతా తెల్లగా మెరిసి, బావ మంచువానలో నిలబడ్డట్టు వచ్చాడు. ఇక మూడు ఫోటోల పద్ధతే గతి. సాంచాలు ఎట్లాగూ ఆడతాయి, కనీసం నువ్వు కదలకు బావా, మూడుసార్లు చప్పుడయ్యేదాకా ఊపిరి బిగబట్టు అని సైగలతో చెప్పాను. ఆయన బుద్ధిమంతుడిలా నిలబడ్డాడు. ఒకటి తీశాను, రెండు తీశాను, మూడోది తీసేలోగా ఎక్కడో ఒక పోగు తెగింది. నాకు వినిపించింది రొద మాత్రమే. ఆయన చెవికి ఆ రొదలో ఒక సాంచె అడుగు తప్పినట్టు తెలిసిపోయింది, మనిషి అటు వెళ్ళిపోయాడు. పోగు అతికి, సిగ్గుపడుతూ తిరిగొచ్చి మళ్ళీ నిలబడ్డాడు. మళ్ళీ అంతే. నిలబడాలని ఆయనకూ ఉంది, కానీ ఆ కాళ్ళు ఆయన మాట వినవు. ఒక్క క్షణం సాంచాలు ఆపు అని సైగ చేస్తే తల అడ్డంగా ఊపాడు. నడుమ అక్క వచ్చి కిటికీలో చాయ్ పెట్టి పోయింది. ఫోటో అయ్యేదాకా ఉండనీ అన్నట్టు బావ చెయ్యి చూపించాడు. అట్లా నిలబడుతూ పరుగెడుతూ ఉండగానే కరెంటు పోయింది, పొద్దూ వాలింది.

కోరుట్లకు తిరిగొచ్చి, కరెంటు ఉన్నంతసేపు కంప్యూటరు ముందు కూర్చున్నాను. కిటికీ కోసం తీసిన దాంట్లో బావ కదలకుండా, స్పష్టంగా ఉన్నాడు, కానీ నల్లటి నీడ మాత్రమే, ముఖం లేదు. షెడ్డు కోసం తీసిన దాంట్లో ముఖానికి వెలుగుంది, కానీ అలికేసినట్టు కరిగిపోయింది. ఆయన నిలిచిన చోట వెలుగు లేదు, వెలుగున్న చోట ఆయన నిలవలేదు. ఆ నల్లటి నీడకు వెలుగు పెంచబోతే ముఖమంతా ఇసుక చల్లినట్టయింది. మూడూ కలిపితే ముగ్గురు బావలు ఒకరిలోంచి ఒకరు పొగలా పుట్టుకొచ్చారు. చివరికి చేసేదేమీ తోచక, కదిలినవాటిని సరిచేసేందుకు ఆ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న గుర్తును నొక్కాను. అది చాలాసేపు ఆలోచించి, మూడింట్లోనూ ఒకే చోట లేని వస్తువును తప్పుగా ఎంచి, శుభ్రంగా తుడిచేసింది. అది తుడిచేసింది మా బావనే.

చూడబోతే నా బతుకులో అంత చక్కని ఫోటో నేను తీయలేదు. దూలాల మీద పేరుకున్న నూగు, సాంచాల మీద పరుచుకున్న తెల్లటి గుడ్డ, కిటికీ అవతల వాకిలి, ఆ కిటికీలో చాయ్ గ్లాసు, చాయ్ మీద కట్టిన మీగడ కూడా తెలుస్తున్నాయి. మనిషి ఒక్కడే లేడు. నాలుగూ చూపిస్తే ఏదో ఒకటి ఎంచుకుంటారని, నల్లటిదీ కరిగినదీ పొగలాంటిదీ కూడా ప్రింటు వేయించి మళ్ళీ సిరిసిల్ల వెళ్ళాను. బావ మిగతావన్నీ పక్కన పెట్టి, తాను లేని ఫోటోనే చేతిలోకి తీసుకున్నాడు. "నిజమే తీసినవ్ గదా బామ్మర్ది. ఇగ గిట్లనే ఉంటయి, నేను లేకుంట" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఇంకోసారి వచ్చి మంచిగా తీస్తా బావా అన్నాను కానీ, ఆ ఇంకోసారి రాకముందే రోడ్లు తెరుచుకున్నాయి, సాంచాలను విప్పి లారీలో వేసుకుపోయారు.

ఆ తరవాత బావ అరుగు మీద కూర్చునేవాడు. ఎంతసేపైనా కదిలేవాడు కాడు. మూడు కాదు, ముప్పై ఫోటోలు తీసినా పక్కకు జరగని మనిషి అయ్యాడు. నేను వెళ్ళినప్పుడల్లా కెమెరా సంచిలోనే ఉండేది, తియ్యమని అక్క అడగనూ లేదు, తీస్తానని నేను అననూ లేదు. తెలంగాణ వచ్చిన సంబురం చూశాడు, అంతే. పోయినప్పుడు దండ వేయడానికి ఫోటో కావాలంటే, ఓటరు కార్డు మీది ముఖం తీసి, పెద్దది చేసి, అందరికీ చేసినట్టే ఒక తెల్లచొక్కా తొడిగి, వెనక నీలిరంగు వేసి ఇచ్చాను. బనియను తప్ప ఎరగని మనిషికి ఇస్త్రీ చొక్కా. ఆ ఫోటోలో ఆయన ఏ మాత్రం కదలకుండా నిలబడ్డాడు, కానీ అది మా బావ అని నాకే అనిపించదు.

మొన్న మా మనవరాలు గోడ మీది ఫోటోలన్నీ ఫోనులో దించుకుంటూ, ఆ మనిషి లేని సాంచాల ఫోటోను కూడా దించుకుని, రెండు వేళ్ళతో సాగదీసి చూసి, కిటికీలో ఈ గ్లాసు ఎవరిదని అడిగింది. ఇప్పుడు ఎవరినీ ఊపిరి బిగబట్టమని అడగనక్కరలేదు. కదిలినా ఫోను పట్టుకుంటుంది, చీకట్లోనైనా ముఖం చూపిస్తుంది. ఆ యంత్రం అప్పుడు నా చేతిలో ఉంటేనా అని ఒకసారి అనుకుంటాను, కానీ అది పట్టుకోవాల్సిన మనిషి లేడు, సాంచాలూ లేవు, ఆ షెడ్డులో ఇప్పుడు కిరాయికున్నవాళ్ళ మోటారు సైకిళ్ళు నిలబడి ఉన్నాయి. మా చేతుల్లో చాయ్ గ్లాసులు పెడుతూ అక్క ఆ ఫోను వైపు వంగి చూసింది. "మీ తాతది బిడ్డా. ఫోటో కోసమని నిలవడ్డడు, చాయ్ తాగనే లేదు" అంది. నేను గ్లాసు అట్లాగే పట్టుకుని గోడ మీది ఆ ఫోటో దగ్గరికి వెళ్ళాను. అక్క నా దగ్గరికి వచ్చి, మెల్లగా భుజం తట్టి, "నువ్వన్న తాగు తమ్మీ, సల్లారుతంది" అంది.