తాడ్వాయి కాడ ఎక్కినామె

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే బస్సుల కూసున్న. తాడ్వాయి కాడ ఎక్కిన ఒక ముసలామె నా ముందుకొచ్చి నిలబడ్డది. "దుక్కలెక్క ఉన్నవ్, లేసి సీటియ్యి" అన్నది.

"ఒళ్లంత నొప్పులవ్వా, నిలబడలేను" అన్న.

"రిపోర్టుల ఏమొచ్చింది?"

"ఏం రాలె. ఫైబ్రోమయాల్జియా అంటరు. పరీక్షల్ల కనవడది."

"కనవడని రోగాలు నాకూ రెండున్నయి, లే" అన్నది. పక్కసీట్లోళ్లు నవ్విండ్రు. నేను లేవకపోయేసరికి నా భుజం పట్టి గుంజింది. పానం పోయినట్టయి కేక పెట్టిన. ఆమె చెయ్యి తీసేసి, ఆ చేతి దిక్కే చూసుకున్నది.

"గట్టిగ గూడ పట్టలే" అన్నది.

మళ్ల నా దిక్కు చూడలే. లింగంపేటల జనం మస్తుగ ఎక్కిండ్రు. ఒకాయన నా మీదికి ఒరిగితే, ఆమె మోచేత్తోని ఆయన్ని నూకింది. "జరుగు. ఈమెను ముట్టుకుంటె నొస్తదట."

ఎక్కిరించి అన్నదో, నమ్మి అన్నదో నాకిప్పటికీ తెల్వదు. ఎల్లారెడ్డిల దిగిపోయింది. ఐదేండ్ల సంది ఇంట్ల అందరికీ చెప్తున్న. నా నొప్పి గురించి నా తరఫున ఇంకొకరికి చెప్పింది మాత్రం ఆమె ఒక్కతే.